టాపు లేని కారుకు కిలోమీటరు ఖర్చు

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారాలు. పోయిన ఆదివారం మీ పత్రిక వాహనాల పేజీలో టాపు తెరుచుకునే స్పోర్ట్స్ కార్ల గురించి వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. ఫోటోలు బాగున్నాయి, ఇంజిన్ల వివరాలు తప్పుల్లేకుండా ఉన్నాయి. అయితే ప్రతి కారు పక్కనా ‘మైలేజీ’ అన్న గడిలో ఒక అంకె వేసి, పెట్రోలు ఖర్చుకు వెనకాడనివారు ఇలాంటి కారు నిశ్చింతగా పెట్టుకోవచ్చన్న అర్థం వచ్చేలా వ్యాసాన్ని ముగించారు. నా పేచీ ఆ ముగింపుతోనే. ఇలాంటి కారొకటి నా దగ్గర ఐదేళ్లుగా ఉంది. దాని పోషణలో పెట్రోలు మిగతా ఖర్చుల ముందు చిన్నదని నా లెక్కల పుస్తకం చెబుతోంది. ఆ లెక్క మీ పాఠకులకు ఉపయోగపడుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది హిందూపురం. ఇరవై రెండేళ్లుగా బెంగళూరులో, మారతహళ్లిలో ఉంటున్నాను. వృత్తిరీత్యా కాస్ట్ అకౌంటెంటును. ఒక వస్తువు తయారు కావడానికి నిజంగా ఎంత ఖర్చయిందో తేల్చి చెప్పడమే నా ఉద్యోగం. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. 2020 డిసెంబరులో 22 లక్షలకు సెకండ్ హ్యాండులో కొన్న ఈ కారు 2017 మోడలు. 1998 సీసీ టర్బో పెట్రోలు ఇంజిను, రెండు తలుపులు, బటను నొక్కితే మడత పడి వెనక్కి వెళ్లే గుడ్డ టాపు. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. పొగిడితే ప్రకటన అంటారు, తిడితే కక్ష అంటారు. పైగా నేను చెప్పబోయేది ఆ ఒక్క కంపెనీకి సంబంధించింది కాదు.

పెట్రోలు లెక్క ఎలా పట్టానో ముందు చెప్పాలి, ఎందుకంటే మైలేజీ గురించి మన జనం చెప్పే అంకెల్లో చాలామటుకు కారు తెర మీద కనిపించేవే. నేను ఆ తెరను నమ్మను. ప్రతిసారీ ఒకే బంకులో, వీలైనంతవరకు ఒకే పంపు దగ్గర, నాజిల్ టక్కుమని దానంతటది ఆగేవరకు ట్యాంకు నింపించి, ‘రౌండ్ ఫిగర్ చేయమంటారా సార్’ అని కుర్రవాడు అడిగితే వద్దని, మీటరు రీడింగు, లీటర్లు, రేటు ఆ బిల్లు వెనకే రాసుకుని రాత్రి పుస్తకంలోకి ఎక్కిస్తాను. 2021 జనవరి నుంచి 2025 డిసెంబరు దాకా కారు తిరిగినది 24,600 కిలోమీటర్లు, తాగినది 2,560 లీటర్లు. అంటే లీటరుకు 9.6. ఈ కారుకు కంపెనీవారు ప్రకటించిన అంకె పదహారుకు పైనే.

కంపెనీ అబద్ధం చెప్పిందని నా ఆరోపణ కాదు. మన దేశంలో ప్రకటించే మైలేజీని రోడ్డు మీద కొలవరు. కారును రోలర్ల మీద నిలబెట్టి, నిర్ణయించిన ఒక పద్ధతి ప్రకారం 1,180 సెకన్లపాటు నడిపిస్తారు. ఆ పరీక్ష మొత్తం దూరం పదిన్నర కిలోమీటర్ల పైచిలుకు, గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు, ఏసీ ఆపి ఉంటుంది. సగటు వేగం గంటకు ముప్పై రెండు కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. మా ఇంటి నుంచి కోరమంగళలోని ఆఫీసుకు 11 కిలోమీటర్లు. సిల్క్ బోర్డు కూడలి దగ్గర రద్దీ ఎలా ఉందన్నదాన్ని బట్టి యాభై నిమిషాలో, గంటో పడుతుంది. టామ్‌టామ్ సంస్థ 2022 ట్రాఫిక్ సూచీలో బెంగళూరు నడిబొడ్డున 10 కిలోమీటర్లు వెళ్లడానికి 29 నిమిషాల 10 సెకన్లు పడుతుందని తేల్చి, ట్రాఫిక్ నెమ్మదిలో మన ఊరికి ప్రపంచంలో రెండో స్థానం ఇచ్చింది. ఆ సగటు కూడా మా దారికి దక్కని భాగ్యమే.

ఒకరోజు ఆఫీసుకు పోతూ స్టాప్‌వాచీ పెట్టుకుని చూశాను. 55 నిమిషాల ప్రయాణంలో కారు చక్రం తిరగకుండా నిలబడి ఉన్న సమయం మొత్తం 24 నిమిషాలు. ఇంజిను నడుస్తూ, ఏసీ వేసి, కారు నిలబడి ఉన్నప్పుడు గంటకు దాదాపు ఒక లీటరు తాగుతుంది. ఆ లెక్కన 0.4 లీటరు, అంటే ఆ పూట ఖర్చయిన 1.6 లీటర్లలో పావు వంతు, ముందున్న ఆటో వెనక రాసిన సినిమా డైలాగు చదువుకోవడానికే సరిపోయింది. మొత్తం మీద నగరంలో నడిచిన 11,600 కిలోమీటర్లకు సగటు లీటరుకు 7 వచ్చింది. హైవే మీద నడిచిన 13,000 కిలోమీటర్లకు 14.4 వచ్చింది. అదే కారు, అదే డ్రైవరు, అదే బంకు పెట్రోలు. ఇందులో ఏ అంకెను మీ గడిలో వేస్తారు?

ఇక టాపు తెరిస్తే మైలేజీ ఎంత పడిపోతుందన్నది ఇలాంటి కారు ఉన్నవారిని అందరూ అడిగే ప్రశ్న. దీనికి నేను కొంచెం శ్రమపడి జవాబు వెతికాను. నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి మీద బెంగళూరు నుంచి అనంతపురం దాకా 215 కిలోమీటర్లు గంటకు 90 దాటకుండా వెళ్లి, అదే వేగంతో తిరిగి వచ్చాను. ఒక ఆదివారం టాపు మూసి, ఆ మరుసటి ఆదివారం టాపు తెరిచి. పోను మాత్రమే లెక్కపెట్టి రాను లెక్కపెట్టకపోతే మోసపోతాం. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంటే అనంతపురం 335 మీటర్ల దగ్గర ఉంది. వెళ్లేటప్పుడు కారు దిగువకు జారుతుంది, వచ్చేటప్పుడు మెట్ట ఎక్కుతుంది. టాపు మూసిన రోజు వెళ్లేటప్పుడు 16 వస్తే తిరుగు ప్రయాణంలో 14.4 మాత్రమే వచ్చింది. రెండూ కలిపి సగటు 15.2. టాపు తెరిచిన ఆదివారం అదే సగటు 13.3.

కారణం గాలి. మూసి ఉన్న కారు మీదుగా గాలి ముందు అద్దం నుంచి వెనక డిక్కీ దాకా నునుపుగా జారిపోతుంది. టాపు తీసేస్తే అద్దం పైఅంచు దగ్గర ప్రవాహం తెగి, సీట్ల మీద సుడి తిరిగి, వెనక నుంచి మన మెడ మీదకు కొడుతుంది. ఆ సుడిని తిప్పే శక్తి కూడా ఇంజినే ఇవ్వాలి. గాలి అడ్డు వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి హైవే మీద తేడా స్పష్టంగా తెలుస్తుంది. నగరంలో గంటకు ఇరవై వేగంతో పాకేటప్పుడు టాపు ఉన్నా లేకపోయినా నా పుస్తకంలో తేడా ఏమీ తేలలేదు. డబ్బుల్లో చెప్పాలంటే, హైవే మీద తలపైన ఆకాశం కావాలంటే వంద కిలోమీటర్లకు మరో లీటరు పెట్రోలు, అంటే నూట ఏడెనిమిది రూపాయలు, కిలోమీటరుకు రూపాయి పైచిలుకు. పెనుకొండ కొండల పక్కగా తెల్లవారుజామున వెళ్లినవారెవరూ ఆ రూపాయి ఎక్కువని అనరు.

పెట్రోలులో కలిపే ఇథనాలు మాట కూడా ఒకటి చెప్పాలి. లీటరు ఇథనాలులో ఉండే శక్తి లీటరు పెట్రోలులోని శక్తి కంటే దాదాపు మూడో వంతు తక్కువ. 20 శాతం కలిపితే మొత్తం శక్తి ఆరేడు శాతం తగ్గాలి. పాత ఇంధనానికి రూపొందించిన నాలుగు చక్రాల వాహనాల్లో మైలేజీ ఆరు నుంచి ఏడు శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే అంచనా కట్టింది. నిరుడు నా హైవే సగటు 13.6కు దిగింది. అంతకు ముందు నాలుగేళ్ల సగటుతో పోలిస్తే అది దాదాపు ఆ మేరకే ఉంది, కానీ ఇంజినుకూ వయసు మీద పడింది కనుక ఆ పాపం మొత్తం ఇథనాలు ఖాతాలో వేయను.

ఇంతవరకూ పెట్రోలు. ఐదేళ్లకు దాని ఖర్చు 2 లక్షల 74 వేల రూపాయలు. నేను 95 ఆక్టేన్ పెట్రోలే పోయిస్తాను కాబట్టి సగటు రేటు 107 పడింది. మామూలు పెట్రోలైతే 2025లో బెంగళూరులో 103 దరిదాపుల్లో ఉండేది. కిలోమీటరుకు 11 రూపాయల చిల్లర. ఇక్కడ పెన్ను ఆపేస్తే మీ వ్యాసకర్త చెప్పిందే నిజమని ఒప్పుకోవాలి.

పేజీ తిప్పితే ఇన్సూరెన్సు. కారు విలువ పెద్దది కాబట్టి ప్రీమియమూ పెద్దదే. ఐదేళ్లకు 2 లక్షల 65 వేలు. ఇందులో చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ భాగం చాలా చిన్నది. 2022లో ఖరారైన రేటు ప్రకారం 1500 సీసీ దాటిన సొంత కారుకు అది ఏడాదికి 7,897 రూపాయలే. మిగతాదంతా మన కారుకు ఏమైనా అయితే ఇచ్చేదానికి కట్టేది. కారు ఏడో ఏడులో పడగానే తరుగు కోత లేకుండా క్లెయిము ఇచ్చే పాలసీ ఇక కుదరదని ఇన్సూరెన్సు కంపెనీవారు ఫోనులో చల్లగా చెప్పారు. ప్రీమియం కాస్త తగ్గింది, నా భయం అంతకంటే ఎక్కువ పెరిగింది. సర్వీసింగు, బ్రేకు ప్యాడ్లు, డిస్కులు, ఒక బ్యాటరీ, ఒక కూలెంటు లీకు, ఇలాంటివన్నీ కలిపి 3 లక్షల 40 వేలు. ఒక్క ఏడాది పెద్ద సర్వీసింగు బిల్లు మా ఇంట్లో ఉన్న చిన్న కారు మూడేళ్ల సర్వీసింగుకు సమానం.

టైర్ల గురించి మాత్రం నిలబడి చెప్పాలి. ఈ తరహా కార్లకు చాలావాటికి స్టెపినీ ఉండదు. దాని బదులు గాలి పోయినా గంటకు 80 వేగం దాటకుండా ఒక 80 కిలోమీటర్లు నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు వేస్తారు. పక్కగోడ గట్టిగా ఉంటేనే అలా నడుస్తుంది కాబట్టి, గుంతలో పడ్డప్పుడు వంగి సర్దుకునే గుణం వాటికి తక్కువ. 2023 వర్షాల్లో ఔటర్ రింగు రోడ్డు సర్వీసు దారిలో నీళ్ల కింద దాక్కున్న గుంత ఒకటి ఎడమవైపు రెండు టైర్లనూ ఒకేసారి కోసింది. మారతహళ్లి వంతెన దగ్గర పంక్చరు షాపు నడిపే చిత్తూరు అతను కోత మీద వేలు పెట్టి, లోపలి దారాలు నాకు చూపించి, ‘పక్కన తెగింది సార్, దీనికి అతుకు నిలవదు, పైగా దీన్ని రిమ్ము మీద నుంచి ఊడదీసే మిషను నా దగ్గర లేదు’ అన్నాడు. గాలి చూసినందుకు పది రూపాయలు కూడా తీసుకోలేదు. రెండు టైర్లకు 42 వేలయింది. ఆ మరుసటి ఏడాది పాత రెండూ అరిగిపోవడంతో నాలుగూ కలిపి మార్చవలసి వచ్చింది, ఇంకో 80 వేలు. వెరసి 1 లక్షా 22 వేలు.

మామూలు కారు ఉన్నవారికి ఊహకు కూడా రాని పద్దు ఒకటుంది, అది టాపు పద్దు. బెంగళూరు వీధుల్లో కానుగ చెట్లు ఎన్ని ఉంటాయో మీ పాఠకులకు తెలుసు. ఏప్రిల్‌లో వాటి పూలు రాత్రికి రాత్రే కారు మీద దుప్పటిలా పరుచుకుంటాయి. చూడ్డానికి ముచ్చటే. గుడ్డ టాపు మీద పడిన వాన నీరు అంచుల్లోని సన్నని కాలువల్లోకి దిగి, తలుపుల వెనక ఉన్న గొట్టాల ద్వారా నేల మీదకు పోవాలి. ఆ గొట్టం నోట్లో కానుగ పూలు, దుమ్ము కలిసి ముద్ద కడతాయి. 2023 మే నెలలో ఒక సాయంత్రం వాన వెలిశాక తలుపు తీసి కూర్చుంటే కాళ్ల కింద పట్టా చప్పరించినట్టు చప్పుడు చేసింది. నొక్కితే నీళ్లు బుడగలు బుడగలుగా పైకి వచ్చాయి. ఎలక్ట్రీషియన్లు గోడ లోపలి పైపుల్లోంచి తీగలు లాగడానికి వాడే నైలాను వైరు తెచ్చి మెల్లగా గొట్టంలోకి తోస్తే, కుళ్లిన టీ పొడి లాంటిది ఒక గుప్పెడు బయటకు వచ్చింది. అప్పటినుంచి మార్చి నుంచి జూన్ దాకా పదిహేను రోజులకోసారి ఆ వైరు పని నాదే. గుడ్డ శుభ్రం చేయించి నీరు ఇంకకుండా పూత వేయించడానికీ, రబ్బరు అంచులు మార్చడానికీ ఐదేళ్లలో 38 వేలయింది.

ఇది కాక 2024లో టాపు సగం దాకా లేచి ఆకాశం వైపు చెయ్యెత్తినట్టు ఆగిపోయింది. టాపును ఎత్తి దించే హైడ్రాలిక్ పంపు పోయిందన్నారు. నేను కారు ఇచ్చిన వర్క్‌షాపు, దాని పేరు అనవసరం, పదకొండు రోజులు ఉంచుకుని 86 వేల రూపాయల బిల్లు ఇచ్చింది. ఈ ఒక్క బిల్లును పట్టుకుని ఒక చిన్న లెక్క వేశాను. నా కారు కంపెనీ చెప్పినట్టే లీటరుకు 16 ఇచ్చి ఉంటే ఐదేళ్లలో నాకు మిగిలేది 1 లక్షా 9 వేలు. టాపు పద్దు మొత్తం 1 లక్షా 24 వేలు. పత్రికలన్నీ అడిగే ప్రశ్నకు ఆదర్శమైన జవాబు వచ్చినా, ఎవరూ అడగని ఒక్క ప్రశ్న ఆ ఆదా మొత్తాన్ని మింగి పైన ఇంకో పదిహేను వేలు తింటుంది.

పార్కింగు, కడగడం, టోలు వంటి చిల్లర 45 వేలు కలిపితే చేతి నుంచి పోయిన డబ్బు 11 లక్షల 70 వేలు. అసలు పెద్ద ఖర్చుకు మాత్రం బిల్లు రాదు, అందుకే మనవాళ్లు దాన్ని ఖర్చే అనుకోరు. అది తరుగు. 22 లక్షలకు కొన్న కారుకు నిరుడు డిసెంబరులో ఇద్దరు డీలర్లను అడిగితే ఒకరు పన్నెండున్నర అన్నారు, మరొకరు 13 అన్నారు. పెద్ద అంకెనే తీసుకుందాం. ఐదేళ్లలో 9 లక్షలు ఆవిరైంది. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారి, అంతవరకు 1500 సీసీ దాటిన పెద్ద కార్లకు 28 శాతం పన్ను, పైన 20 శాతం సెస్సు ఉన్నచోట ఒకే 40 శాతం అయింది. కొత్త కారు ధర తగ్గితే పాత కారును ఎవరూ పాత రేటుకు అడగరు. ఆ దెబ్బలో కొంత నాకూ తగిలింది.

మొత్తం 20 లక్షల 70 వేలు. 24,600తో భాగిస్తే కిలోమీటరుకు 84 రూపాయలు. అందులో పెట్రోలు 11. నా 22 లక్షలు బ్యాంకులో ఉంటే వచ్చే వడ్డీ ఇందులో కలపలేదు. వృత్తి ధర్మం ప్రకారం కలపాలి, కలిపితే కిలోమీటరు నూరు దాటుతుంది, ఇంట్లో ఆ అంకె చెప్పే ధైర్యం లేక వదిలేశాను. కొత్త కారు కొనేవారి పరిస్థితి ఇంతకంటే బరువు. కర్ణాటకలో 20 లక్షలు దాటిన కారుకు జీవితకాలపు పన్ను 18 శాతం, ఆ పన్ను మీద మళ్లీ సెస్సు. 35 లక్షల కారుకు సెస్సు కాక 6 లక్షల 30 వేలు. నాలా 24,600 కిలోమీటర్లు తిప్పేవారికి ఆ పన్ను ఒక్కటే కిలోమీటరుకు పాతిక రూపాయలు దాటుతుంది, పెట్రోలుకు రెట్టింపు కంటే ఎక్కువ.

మైలేజీ ప్రశ్న ఎందుకూ పనికిరాదని నేను అనడం లేదు. అది వేరే కారుకు సరైన ప్రశ్న. మా ఇంట్లో నా భార్య ఉద్యోగానికి తీసుకెళ్లే 1.2 లీటర్ల చిన్న కారు ఉంది. అదే ఐదేళ్లలో అది 61,000 కిలోమీటర్లు తిరిగింది, లీటరుకు 15.2 ఇచ్చింది. తరుగుతో సహా దానికి అయిన ఖర్చు మొత్తం 9 లక్షల 32 వేలు, కిలోమీటరుకు 15 రూపాయల చిల్లర. అందులో పెట్రోలు వాటా 4 లక్షల 5 వేలు, అంటే దాదాపు 43 శాతం. అలాంటి కారు కొనేవారు లీటరుకు ఒక కిలోమీటరు ఎక్కువొస్తే ఇంకో షోరూముకు నడవడం న్యాయమే. నా కారులో పెట్రోలు వాటా 13 శాతం. హిందూపురం వెళ్లిన ప్రతిసారీ మా మేనమామ కారు చుట్టూ ఒకసారి తిరిగి, ‘ఏమిరా అల్లుడా, లీటరుకు ఎంతిస్తాది?’ అంటాడు. పది లోపేనని చెబితే, ‘పదీ లేదా! మా వాని బండి నలభై ఇస్తాదే’ అని జాలిపడతాడు. మామ ప్రశ్నలో తప్పులేదు. డెబ్బై ఏళ్లుగా ఆయన ఎరిగిన బండ్లన్నిటికీ అదే ప్రశ్న సరిపోయింది.

దీనిలోనే ఒక విచిత్రం ఉంది. 2022లో, పెట్రోలు నూరు దాటిపోయి ఉందని కంగారుపడి, ఈ కారును వారాంతాలకే పరిమితం చేశాను. ఆ ఏడాది తిరిగింది 2,900 కిలోమీటర్లే. పెట్రోలుకు ముప్పై రెండు వేలు కూడా కాలేదు; కాని ఇన్సూరెన్సు ఆగలేదు, సర్వీసింగు తేదీ ఆగలేదు, తరుగు అసలే ఆగలేదు. లెక్క తేలాక చూస్తే ఐదేళ్లలో కిలోమీటరు ఖర్చు అన్నిటికంటే ఎక్కువైన ఏడాది అదే. ఇదే కారును ఏడాదికి పన్నెండు వేల కిలోమీటర్లు తిప్పి ఉంటే, టైర్లూ సర్వీసింగూ తరుగూ పెరిగే మేరకు పెంచుకుని లెక్కవేసినా, కిలోమీటరు యాభై రూపాయల లోపు తేలుతుంది. పెట్రోలు ఆదా కోసం షెడ్డులో పెట్టిన ఓపెన్ టాపు కారు కంటే ఖరీదైన కారు లేదని నాకు అప్పుడు అర్థమైంది. ఇదంతా తెలిసి ఇంకా ఎందుకు ఉంచుకున్నావని అడిగేవారికి నా దగ్గర అకౌంటెంటు జవాబు లేదు. ఐదేళ్లలో టాపు తెరిచి నడిపింది 3,100 కిలోమీటర్లు మాత్రమే అని కూడా ఆ పుస్తకంలోనే ఉంది. చలికాలం ఉదయం కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఎడమకు తిరిగి లేపాక్షి దాకా వెళ్లే ఆ పదిహేను కిలోమీటర్లు అందులో చాలాసార్లు ఉన్నాయి.

ఖర్చు తక్కువగా ఉండే ఓపెన్ కారు అసాధ్యమేమీ కాదని కూడా ఈ సందర్భంలో చెప్పడం ధర్మం. జపానులో 1989లో వచ్చిన మాజ్డా ఎంఎక్స్-5 మొదటి తరం బరువు దాదాపు వెయ్యి కిలోలే. టాపును సీట్లో కూర్చునే చేత్తో వెనక్కి తోసేయవచ్చు. పంపు లేదు కనుక పంపు పోదు. టాపు కోసేశాక కారు వంగిపోకుండా కింద ఉక్కు బిగించడం ఏ ఓపెన్ కారుకైనా తప్పదు, కాని కారు చిన్నదైతే ఆ ఉక్కూ తక్కువే. అది మన దేశంలో అధికారికంగా అమ్మకానికి రాలేదు. మన దేశంలోనూ గోవాలో తయారైన శాన్ స్టార్మ్ అని రెండు సీట్ల ఓపెన్ కారు ఒకటుండేది, ఫైబర్ బాడీ, 1.2 లీటర్ల రెనో ఇంజిను. ఒకప్పుడు ఇందిరానగర్ వైపు ఎర్రదొకటి కనిపించేది, దాని యజమాని టాపును చేత్తో విప్పి మడిచి పెట్టుకోవడం చూశాను. ఇప్పుడు మన దగ్గర దొరికే ఓపెన్ కార్లు చాలామటుకు బరువైన సరుకే. మీ పట్టికలో ఇంజిను శక్తికి ఇచ్చినంత చోటు వాహనం బరువుకు కూడా ఇస్తే బాగుండేది.

అందువల్ల నా విన్నపం ఒక్కటే. లక్షల విలువైన ఇలాంటి కార్ల గురించి ఇకమీదట రాసేటప్పుడు, మైలేజీ గడి పక్కన ఇంకో గడి వేసి, ఏడాదికి ఐదు వేల కిలోమీటర్లు నడిపితే కిలోమీటరుకు ఎంత, పదిహేను వేలు నడిపితే ఎంత అన్న రెండు అంకెలు ఇవ్వండి. ఇన్సూరెన్సు ప్రీమియం, నాలుగు టైర్ల ధర, మూడేళ్ల తరవాత రీసేలు ధర, గుడ్డ టాపు మొత్తం మార్చాల్సి వస్తే అయ్యే ఖర్చు, ఈ నాలుగూ ఒక పూట ఫోన్లు చేస్తే దొరికేవే. ఆఖరిదాన్ని అడిగినప్పుడు షోరూము కుర్రవాడు ‘ఆ అవసరం రాదు సార్’ అంటాడు. అన్నాక కూడా అడగండి.

నా లెక్కల పుస్తకంలోని సంబంధిత పేజీల జిరాక్సులు ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. 2023 మే పేజీ మీద కనిపించే మరక టాపులోంచి కారిన నీటిది. అంకెలు చదవడానికి అది అడ్డు రాదు, ఒక్క ఇరవై ఏడో తేదీ లీటర్లు మాత్రం చెదిరిపోయాయి, అవి 31.4.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు